గాలి రావాలి, కప్పు పోకూడదు

విజయనగరం పట్టణానికి దగ్గర్లోని గుంకలాంలో 2020 డిసెంబరు 30న పేదలకు ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. 397 ఎకరాల్లో 12,301 ప్లాట్లు. పట్టణ లబ్ధిదారులకు సెంటు, పల్లెల్లో సెంటున్నర. ఆ స్థలంలో 340 చదరపు అడుగుల ఇల్లు, దానికి లక్షా ఎనభై వేల రూపాయల సాయం. పర్యావరణహితమైన ఇల్లు అంటే మన పత్రికలు సాధారణంగా పెరటి తోట మధ్య మట్టి గోడల బంగళా బొమ్మ వేస్తాయి. ఆ ఇళ్ల మీద నాకు గౌరవమే. కానీ ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రాబోయే నలభై ఏళ్లు ఎంత కరెంటు కాలుతుందో, మే నెల రాత్రుళ్లు ఎంతమందికి నిద్ర పడుతుందో తేల్చేవి ఈ సెంటు స్థలం ఇళ్లూ, వాటి పక్కనే జనం సొంత డబ్బుతో కట్టుకుంటున్న చిన్న డాబాలూ. అందుకే ఈ సమీక్షకు కొలబద్దగా వాటినే పెట్టుకుంటున్నాను.

ఇళ్లలో విద్యుత్ పొదుపు కోసం దేశానికి ఒక నియమావళి ఉంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018 డిసెంబరులో ‘ఎకో నివాస్ సంహిత’ తెచ్చింది. గోడల నుంచి, కిటికీల నుంచి ఎంత వేడి లోపలికి రావచ్చో, కప్పు ఎంత వేడిని ఆపాలో, గదిలో తెరుచుకునే కిటికీ ఎంత ఉండాలో అది లెక్కలతో చెప్పింది. మంచి పత్రం. అయితే 2018 నాటి రూపంలో అది వర్తించేది 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు పన్నెండున్నర సెంట్లు, అంతకన్నా పెద్ద స్థలాల్లో కట్టే ఇళ్లకు. సెంటు అంటే నలభై చదరపు మీటర్లు. ఈ రెండు జిల్లాల్లో కట్టే ఇళ్లలో అత్యధిక భాగానికి ఆ సంహితతో పనే లేదు. ఎవరికి ఎండ ఎక్కువ తగులుతుందో వాళ్ల ఇంటి గడప దగ్గరికే నియమం రాలేదన్నమాట. అయినా అందులోని లెక్కలు చిన్న ఇంటికీ పనికొస్తాయి.

ముందు ఎండ సంగతి. శ్రీకాకుళం 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు ఉదయపు కిరణాలు సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయి. ఆ గుడి కట్టినవాళ్లకు ఏ రోజు సూర్యుడు ఎక్కడ పొడుస్తాడో కచ్చితంగా తెలుసు. ఇవాళ ఇంటి ప్లాను గీసేటప్పుడు ఆ లెక్క ఎవరూ వేయడం లేదు. వేస్తే మూడు సంగతులు తెలుస్తాయి. మే నెల మధ్యలో ఇక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అక్కణ్నుంచి జూలై ఆఖరుదాకా ఉత్తరానికి వాలి నడుస్తాడు. కాబట్టి మండే నెలల్లో దక్షిణపు గోడకు ఎండే పడదు, ఉత్తరపు గోడకే ఉదయం సాయంత్రం కొంత తగులుతుంది. దక్షిణపు గోడ మీద ఎండ పడేది చలికాలంలో. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు నలభై ఎనిమిది డిగ్రీల ఎత్తున ఉంటాడు, అప్పటి ఎండ ఎవరికీ చేదు కాదు. ఇక తూర్పు, పడమర గోడల మీదికి ఎండ ఏటవాలుగా వస్తుంది, సన్‌షేడ్ కింది నుంచి దూరి మరీ వస్తుంది. అందుకే ఇల్లు తూర్పు పడమరలుగా పొడవుగా, ఉత్తర దక్షిణాలకు కిటికీలతో ఉండాలి. దీనికి ఖర్చు ఒక్క రూపాయి కూడా లేదు, లేఅవుట్‌లో వీధులు గీసినప్పుడే తేలిపోవాల్సిన విషయం. వీధి ఉత్తర దక్షిణాలుగా సాగితే దానికి ఇరువైపులా ఇళ్ల ముఖాలన్నీ తూర్పుకో పడమరకో తిరుగుతాయి. ఆ తర్వాత ఇంటి యజమాని చేయగలిగింది తక్కువ.

గాలి కూడా దక్షిణం వైపే ఉంది. ఈ తీరంలో సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. వేసవి మధ్యాహ్నాలు, సాయంత్రాలు గాలి దక్షిణం నుంచి, దానికి అటూ ఇటూ దిక్కుల నుంచి వస్తుంది. ఉక్కపోతలో ఒంటికి హాయి ఇచ్చేది చల్లదనం కన్నా ముందు కదిలే గాలి, ఎందుకంటే చెమట ఆరాలి. ఎకో నివాస్ సంహిత కూడా తేమ వేడి కలిసిన ప్రాంతాలకు గది వైశాల్యంలో ఆరో వంతు తెరుచుకునే కిటికీ ఉండాలంటుంది, మిగతా ఏ ప్రాంతానికీ అంత అడగదు. కానీ వాస్తు భయంతో దక్షిణపు గోడను బిగించేసే ఇళ్లు చూస్తున్నాం. నైరుతి బరువుగా ఉండాలని బీరువా పెట్టి, దక్షిణాన ఒక చిన్న వెంటిలేటరు వదులుతారు. నమ్మకాన్ని కాదనడం నా పని కాదు. సింహద్వారం ఎటు ఉన్నా, దక్షిణాన కిటికీ పెట్టుకోవద్దని పట్టుబట్టే సిద్ధాంతి తక్కువ. ద్వారం గురించిన మాటను కిటికీకి కూడా అంటగట్టుకుని ఉన్న ఒక్క గాలినీ పోగొట్టుకుంటున్నాం.

అయితే అదే గాలి అక్టోబరులో ఇల్లు పీకుతుంది. 2013 అక్టోబరు 12న పైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014లో అదే తేదీన, హుద్‌హుద్ విశాఖపట్నం మీదుగా దాటి విజయనగరం జిల్లానూ కుదిపింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర వజ్రపుకొత్తూరు తీరాన్ని తాకి ఉద్దానం కొబ్బరినీ జీడితోటలనూ నేలకూల్చింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. గాలి భారాన్ని లెక్కించే ఐఎస్ 875 ప్రమాణం ఈ తీరానికి సెకనుకు 50 మీటర్ల వేగం, అంటే గంటకు 180 కిలోమీటర్లు, లెక్కలోకి తీసుకోమంటుంది. ఆ వేగంలో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. చల్లదనానికి తెరవాలి, తుఫానుకు మూయాలి. ఈ రెండు జిల్లాల్లో ఇంటి ప్రశ్న అంతా ఈ పేచీలోనే ఉంది. కేరళ నుంచో పుదుచ్చేరి నుంచో పద్ధతులు యథాతథంగా తెచ్చుకుంటే ఇక్కడ కుదరకపోవడానికి కారణం కూడా ఇదే.

ఈ పేచీని మన ఊళ్లవాళ్లు ఒకప్పుడు ఎలా తీర్చుకున్నారో చుట్టిల్లు చెబుతుంది. గుండ్రటి మట్టి గోడ, దాని మీద గొడుగులా తాటి కమ్మల కప్పు, చూరు దాదాపు నేలదాకా వంగి ఉంటుంది. గుండ్రటి గోడకు గాలి తగిలి పక్కలకు జారిపోతుంది, ఒక మూల పట్టుకుని లాగడానికి దానికి మూలే లేదు. చూరు కిందికి ఉంది కాబట్టి గోడకు ఎండా తగలదు, వానా తగలదు. కొన్ని ఇళ్లలో కమ్మల కింద మట్టితో మెత్తిన అటక ఉండేది. కప్పు అంటుకున్నా నిప్పు లోపలికి దిగకుండా, ధాన్యం దాచుకోవడానికీ పనికొచ్చేలా. ఇన్ని తెలివితేటలున్న ఇల్లు ఎందుకు పోయిందో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. లోపల చీకటి, పొగ. కమ్మలు రెండు మూడేళ్లకోసారి మార్చాలి. వేసవిలో ఒక ఇల్లు అంటుకుంటే వీధి వీధంతా బూడిదయ్యేది. ఇంటి ఆడవాళ్లు గోడలు అలికీ అలికీ అలిసిపోయారు. శ్లాబు ఇల్లు కావాలనుకోవడం మోజు కాదు, నిప్పు నుంచీ చాకిరీ నుంచీ విముక్తి. చుట్టింటిని మళ్లీ కట్టమని ఎవరికీ చెప్పలేం. దాని చూరు నీడనూ, గాలికి పట్టు ఇవ్వని ఆకారాన్నీ కొత్త ఇంటిలోకి ఎలా తేవాలన్నదే ఆలోచించాలి.

ఇంకో పాఠం కొండల మీద ఉంది. సీతంపేట, భద్రగిరి వైపు సవర గూడేల్లో ఇళ్లు వరుసగా, పక్క గోడలు కలిపి కడతారు. ముందు ఎత్తైన అరుగు, లోపల అటక. వరుసలో మధ్య ఇంటికి రెండు వైపులా గోడలు పొరుగువాళ్లవే, ఎండ పడేది ముందూ వెనకా మాత్రమే. కొత్త లేఅవుట్లలో మనం దీనికి వ్యతిరేకంగా చేస్తున్నాం. సెంటు స్థలంలో నాలుగు వైపులా ఇరుకు సందు వదిలి ఇల్లు కడుతున్నాం. ఆ సందులోంచి గాలి రాదు, మనిషి నడవడు, ఎండ మాత్రం పడమటి గోడను చేరుతుంది. రెండేసి ఇళ్లకు గోడ కలిపి కడితే ఇటుకలు మిగులుతాయి, తగిలే ఎండ తగ్గుతుంది, ఆ సందుల జాగా అంతా కలిసి వెనక ఒక మునగ చెట్టుకో చిన్న పెరడుకో సరిపోతుంది. పొరుగుతో తగాదాల భయం నిజమే. అయినా ఈ మార్పును నేను గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే స్థలం పెంచలేనప్పుడు దొరికే పెద్ద లాభం ఇదొక్కటే.

ఇక్కడ తీరాన్నీ మెట్టనూ ఒకే గాటన కట్టకూడదు. కళింగపట్నం వంటి చోట మే నెలలో పగటికీ రాత్రికీ తేడా ఏడెనిమిది డిగ్రీలే. అక్కడ మందపాటి మట్టి గోడ పగలు తాగిన వేడిని రాత్రి ఇంట్లోకే వదులుతుంది, వదలడానికి బయట తగినంత చల్లదనం ఉండదు. కాబట్టి తీరంలో గోడ బరువు కన్నా నీడా గాలీ ముఖ్యం. సాలూరు, పార్వతీపురం, రాజాం వైపు పోయేకొద్దీ తేడా పెరుగుతుంది, మందపాటి గోడకు అక్కడ విలువ ఉంది. మట్టి ఇల్లు ఎక్కడైనా చల్లగా ఉంటుందన్న ప్రచారాన్ని ఈ మేరకు సవరించుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద దోషి కప్పు. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకు దాదాపు వెయ్యి వాట్ల ఎండ పడుతుంది. 340 చదరపు అడుగుల శ్లాబు మీద అది ముప్పై కిలోవాట్లు. టన్నున్నర ఏసీ గదిలోంచి తోడిపోయగలిగే వేడి ఐదు కిలోవాట్లు. బోసి సిమెంటు శ్లాబు ఆ ఎండలో పావు వంతు, మహా అయితే మూడో వంతు తిప్పికొట్టి మిగిలింది తాగేస్తుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుందంతే. మధ్యాహ్నపు ఎండ పొద్దుపోయాక కూడా మంచం మీదికి దిగుతూనే ఉంటుంది. ఫ్యాను వేస్తే పైనున్న ఆ వేడి గాలినే కిందికి నెడుతుంది. సిమెంటు రేకుల ఇంట్లోనైతే ఆలస్యం కూడా ఉండదు.

దీనికి అతి చవకైన మందు సున్నం. తాజాగా సున్నం కొట్టిన కప్పు ఎండలో ముప్పావు వంతు దాకా తిప్పికొడుతుంది. హైదరాబాద్‌లో 2017లో దేవరకొండ బస్తీలో కొన్ని పేద ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూస్తే లోపల సగటున రెండు డిగ్రీల దాకా తగ్గింది. 2023 ఏప్రిల్లో తెలంగాణ దేశంలోనే మొదటిసారిగా చల్లటి కప్పుల విధానాన్ని ప్రకటించింది. ఆంధ్ర తీరానికి అంతకన్నా ఎక్కువ అవసరం. సున్నంతో చిక్కు ఏమిటంటే ఇక్కడి వానలకు అది కొట్టుకుపోతుంది, మిగిలింది నాచు పట్టి నల్లబడుతుంది. కాబట్టి ఏటా ఫిబ్రవరి, మార్చిలో మళ్లీ వేయాలి. సంక్రాంతికి గోడలకు ఎలాగూ సున్నం వేసుకుంటాం, ఆ పని అయ్యాక మిగిలిన బకెట్టు మేడ మీదికి ఎక్కితే చాలు. డబ్బున్నవాళ్లు తెల్లటి పగుల పెంకులు పరిపించుకోవచ్చు, అది పాతికేళ్ల మాట. సంహిత అడిగే స్థాయికి కప్పు చేరాలంటే మాత్రం తెలుపు ఒక్కటీ చాలదు, శ్లాబు మీద వేడిని ఆపే పొర ఒకటి, దాని మీద నీరు దిగని పూత ఒకటి వేయాలి. కొత్త ఇంటికి ఆ ఖర్చు శ్లాబు వేసేటప్పుడే పెట్టుకోవాలి.

పెంకుటిల్లు ఉన్నవాళ్లు దాన్ని పడగొట్టే ముందు ఒక్కసారి ఆలోచించండి. ఎత్తైన కప్పు, కింద అటక, పెంకుల సందుల్లోంచి బయటికి పోయే వేడి గాలి. తుఫానుకు పెంకులు లేచిపోతాయన్నది నిజం. ముందు వెనకలకే కాక నాలుగు వైపులా వాలిన కప్పు గాలికి బాగా నిలుస్తుంది. దూలాలనూ వాసాలనూ ఇనుప పట్టీలతో గోడకు కట్టాలి, ఆ గోడ నుంచి పునాదిదాకా ఆ పట్టు కొనసాగాలి. చూరు మరీ బయటికి ఉంటే గాలి కింది నుంచి పట్టుకుని ఎత్తుతుంది. తక్కువ ఎత్తు ఇళ్లకు తుఫాను జాగ్రత్తలు చెప్పే ఐఎస్ 15498 ప్రమాణం 2004 నుంచీ ఉంది. పలాసలో జీడిపిక్కల తొక్కల నుంచి తీసే నూనె కలపకు పూస్తే చెద దగ్గరికి రాదు. పడవలకు పూసే ఆ నూనెను ఇంటి వాసాలకూ వాడుకోవచ్చు.

గాలికీ తుఫానుకూ ఉన్న పేచీ కిటికీ దగ్గర మాత్రం ఆశ్చర్యంగా తీరిపోతుంది. ఇప్పుడు అందరూ పెట్టిస్తున్న జరిపే అద్దాల కిటికీ ఎంత వెడల్పున్నా సగమే తెరుచుకుంటుంది, గాలి సగమే వస్తుంది. ఎండ అద్దంలోంచి నేరుగా దిగుతుంది. తుఫానులో ఎగిరొచ్చే కొమ్మకో రేకుకో అద్దం పగిలిందంటే గాలి లోపల చేరి కప్పును కింది నుంచి తన్నుతుంది. పాత చెక్క రెక్కల కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది, మూసి గడియ పెడితే దెబ్బకు ఆగుతుంది. అడ్డచెక్కలు అమర్చిన రెక్కలైతే ఎండను ఆపి గాలిని వదులుతాయి. రెండు అవసరాలకూ ఒకే వస్తువు సరిపోయే సందర్భాలు ఇంటి కట్టుబడిలో అరుదు. ఆ వస్తువునే మనం పాతకాలపుదని తీసేస్తున్నాం. ఎదురెదురు గోడలకు అలాంటివి రెండు, దోమల జాలీతో పెట్టుకుంటే పదడుగుల గదికి సరిపోతుంది. జాలీ గాలిని కొంత తగ్గిస్తుంది కాబట్టి కిటికీ ఇంకాస్త పెద్దదిగా పెట్టుకోవాలి.

గోడల సామగ్రి గురించి క్లుప్తంగా. పరవాడలోని సింహాద్రి థర్మల్ కేంద్రం 2,000 మెగావాట్లది, అక్కడి బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుక పొలం మట్టినీ బట్టీ కట్టెలనూ మిగులుస్తుంది. వేడిని ఆపడంలో మట్టి ఇటుక కన్నా గొప్పదేమీ కాదు. తేలికపాటి ఏఏసీ బ్లాకు వేడిని అందులో నాలుగో వంతే పోనిస్తుంది, ఇల్లంతా కాకపోయినా పడమటి గోడకైనా పెట్టుకోవచ్చు. లారీ బేకర్ కేరళలో వ్యాపింపజేసిన పద్ధతిలో ఇటుకలను పక్కకు నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి కడితే దాదాపు పావు వంతు ఇటుకలు మిగులుతాయి. ఆ ఖాళీలో మూలల దగ్గర నిలువు చువ్వలు దింపి కాంక్రీటు పోస్తే తుఫానుకూ పట్టు వస్తుంది. సిమెంటు విషయంలో నా ఓటు స్లాగ్ సిమెంటుకు. విశాఖ ఉక్కు లాంటి కర్మాగారాల్లో మిగిలే చిట్టెంతో చేసేది కాబట్టి కార్బన్ తక్కువ, ఉప్పుగాలికి బాగా ఆగుతుంది. సముద్రం ఒడ్డున శ్లాబులు పెచ్చులూడి చువ్వలు బయటపడడం మనందరికీ తెలిసిన దృశ్యమే. చువ్వ కింద మేస్త్రి వదిలే 20 మిల్లీమీటర్ల కాంక్రీటు అక్కడ చాలదు. తీరాన్ని తీవ్ర పరిస్థితిగా లెక్కించే ఐఎస్ 456 ప్రమాణం 45 మిల్లీమీటర్లు అడుగుతుంది. ఇరవై ఏళ్లకు కూలే ఇల్లు ఎంత చల్లగా ఉన్నా పర్యావరణానికి మేలు చేసినట్టు కాదు, మళ్లీ సిమెంటు, మళ్లీ ఇసుక, నాగావళికి వంశధారకు మళ్లీ కోత.

ఈ రెండు జిల్లాల్లో ఏటా దాదాపు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. 340 చదరపు అడుగుల కప్పు మీద అది ముప్పై వేల లీటర్లు, పోయింది పోగా పాతిక వేలు పట్టుకోవచ్చు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు, తాగునీటి మీద అనుమానంతో ఇప్పుడు హిరమండలం నుంచి పైపుల్లో నీరు వస్తోంది. అక్కడ శుభ్రమైన కప్పు నీటిని తొట్టిలో పట్టుకోవడం ప్రతి ఇంటికీ ఒక అదనపు ధైర్యం.

ఇవన్నీ అయ్యాకే యంత్రాలు. పాత ఫ్యాను 75 వాట్లు తాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగే మూడు ఫ్యాన్లు మారిస్తే నెలకు నలభై ఎనిమిది యూనిట్లు మిగులుతాయి. మొదటి రూపాయి కప్పు మీద పెట్టినవాళ్లు రెండోది ఇక్కడ పెట్టాలి.

సోలారు మూడోది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కిలోవాటుకు 30,000 చొప్పున రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. రెండు కిలోవాట్ల పలకలు రోజుకు ఎనిమిది యూనిట్ల దాకా ఇస్తాయి, రెండు వందల చదరపు అడుగుల జాగా తీసుకుంటాయి. అంటే చిన్న ఇంటి కప్పులో సగానికి పైగా నీడ పడుతుంది. ఆ నీడను ఎవరూ లాభంలో లెక్కగట్టరు, కట్టాలి. అయితే ఒక పలక దాదాపు రెండు చదరపు మీటర్లు, 180 కిలోమీటర్ల గాలిలో దాన్ని ఎత్తే బలం మూడు వందల కిలోల వరకు ఉంటుంది. రెండు సిమెంటు దిమ్మలు పెట్టి వాటి మీద నిలబెడితే పలక పొరుగింటి మీద పడుతుంది. శ్లాబులోకే చువ్వలు దించి దిమ్మలు పోయించాలి, పలకలను పిట్టగోడ ఎత్తు దాటనీయకూడదు, తుప్పు పట్టని బోల్టులు వాడించాలి. ఇవన్నీ రాతపూర్వకంగా ఒప్పందంలో ఉండాలి.

అమ్మేవాళ్లు చెప్పని సంగతి మరొకటుంది. రాయితీతో వచ్చే మామూలు సోలారు గ్రిడ్‌తో కలిసి నడుస్తుంది. లైన్‌లో కరెంటు పోయిందంటే, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణభద్రత కోసం, ఇన్వర్టరు దానంతటదే ఆగిపోతుంది. తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్లకు కరెంటు రావడానికి రోజుల తరబడి పట్టింది. అలాంటప్పుడు నెత్తిన ఎండ కాస్తున్నా, కప్పు మీద పలకలున్నా, ఫోను కూడా చార్జి కాదు. బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు ఆ లోటు తీరుస్తుంది, కానీ సెంటు ఇంటివాళ్లకు దాని ధర భారం. కాబట్టి ప్రతి ఇంటికీ కాకపోయినా ప్రతి తీర గ్రామంలో సచివాలయం మీదో, బడి మీదో, తుఫాను షెల్టరు మీదో బ్యాటరీతో కూడిన సోలారు ఉండాలి. మంచినీటి మోటారు, మందులు చల్లగా ఉంచే ఫ్రిజ్, ఫోన్లు, నాలుగు దీపాలు నడిచేంత చాలు. ఏపీఈపీడీసీఎల్ ఇళ్ల కప్పులకు దరఖాస్తులు తీసుకునేటప్పుడే ఊరికి ఒక్కటి చొప్పున వీటినీ జాబితాలో చేర్చి, అక్టోబరు రాకముందే బిగించాలి.